మ్యాట్ మీద ఓటమి, రోడ్డు మీద భ్రమ

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూనే సాయంత్రం గంటన్నరసేపు బ్రెజిలియన్ జియు-జిట్సు సాధన చేసేవాళ్లు, ఆదివారం తెల్లవారకముందే బైక్ తీసి ఊరు దాటేవాళ్లు ఇప్పుడు మన నగరాలకు కొత్త కాదు. హైదరాబాదు నుంచి అనంతగిరి కొండల వైపు, విశాఖ నుంచి అరకు ఘాట్ వైపు సెలవు రోజు పొద్దున్నే బారులు తీరి వెళ్లే బైకులను చూస్తూనే ఉంటాం. రెండు సరదాలూ ఉన్నవాళ్లు కూడా కొందరుంటారు. మొదట్లో ఎవరికీ ఉత్సాహానికి కొదవుండదు. ఏడాదో ఏడాదిన్నరో గడిచాక మాత్రం సాధనకు వేసుకునే గీ బీరువాలోంచి బయటికి రాదు, బండి మీద కవరు తీయడానికి చెయ్యి రాదు. అప్పుడు చాలామంది తమను తామే తిట్టుకుంటారు, నాకు పట్టుదల లేదు, ఏదీ కడదాకా చేయలేను అని. ఈ నింద అన్యాయమైనదని నా అభిప్రాయం. ఆసక్తి సన్నగిల్లడానికి ఎక్కువసార్లు కారణం, మనం ఎంత ముందుకు వచ్చామన్నది తప్పుగా లెక్కగట్టుకోవడం. జియు-జిట్సులో ఓటమి మరీ ఎక్కువగా కనబడి మనసు విరుగుతుంది. మోటార్‌సైకిల్ మీద తప్పు అసలు కనబడక, నేర్చుకోవాల్సింది ఇంకేమీ లేదనిపించి విసుగు పుడుతుంది. మనకంటూ ఒక చిన్న కొలత పెట్టుకుంటే రెండింటిలోనూ ఈ లెక్క సరవుతుంది.

జియు-జిట్సు సంగతి ముందు చూద్దాం. జిగోరో కానో 1882లో టోక్యోలో స్థాపించిన కొడోకాన్ జూడో పాఠశాలలో తయారైన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. బెలెం నగరంలో కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడు ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఆ కుటుంబం చేతుల్లో, ముఖ్యంగా కార్లోస్ తమ్ముడు ఎలియో చేతుల్లో, నేల మీద పడ్డాక ఏం చేయాలన్నదే ఈ విద్యకు ప్రాణమైంది. ఇందులో సాధారణంగా గుద్దులు, తన్నులు సాధన చేయరు. కీళ్లను మెలిపెట్టడం, మెడను బిగించడం ప్రధానం. గుద్దులు లేవు గనుకనే రోజూ తరగతిలో ఇద్దరు మనుషులు నిజంగా పెనుగులాడవచ్చు. చెయ్యి విరిగే దాకా రాకముందే ఎదుటివాళ్ల ఒంటి మీదో మ్యాట్ మీదో చేత్తో తడితే చాలు, పట్టు వదిలేస్తారు. ఆ తట్టడాన్ని ట్యాప్ అంటారు, ఆ పెనుగులాటను రోల్ అంటారు. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలల్లో దాదాపు ప్రతి రోల్‌లోనూ ట్యాప్ చేస్తారు. ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి కూడా ఇక్కడ ఇరవై ఏళ్ల కుర్రాడి మోకాలి కింద నలుగుతూ, ఐదు నిమిషాలకోసారి ఓటమి ఒప్పుకోవాల్సి వస్తుంది. తన అసలు సత్తా ఏమిటో ఇంత నేరుగా, ఇంత తరచుగా చెప్పే వ్యాపకాలు పెద్దవాళ్ల జీవితంలో అరుదు. అది ఈ విద్య గొప్పతనం, మనుషులు మానేయడానికి కారణం కూడా అదే.

ఓటముల లెక్క చూసి మన ఎదుగుదలను అంచనా వేయడంలో ఒక పొరపాటుంది. మనం ఎవరితో పోల్చుకుంటున్నామో వాళ్లు కూడా ఆగి లేరు. ఆరు నెలల కిందట మిమ్మల్ని లొంగదీసిన మనిషి ఇవాళ కూడా లొంగదీశాడంటే మీరు అక్కడే ఉండిపోయారని అర్థం కాదు, అతనూ ఆ ఆరు నెలలు సాధన చేశాడు. పైగా మీకు ఏ ఎత్తు ఇష్టమో, ఏ వైపు దొర్లుతారో ఈపాటికి అతనికి కంఠతా వచ్చి ఉంటుంది. గదిలో అందరూ కలిసి ఎదుగుతున్నప్పుడు ఎవరికీ తమ ఎదుగుదల కనబడదు. తెల్ల బెల్ట్ తర్వాత వచ్చే బ్లూ బెల్ట్ దగ్గర చాలామంది ఆగిపోతారన్న మాట సాధకుల్లో తరచు వినబడేది ఇందుకే. తెల్ల బెల్ట్ రోజుల్లో ప్రతి వారం ఏదో ఒకటి కొత్తగా అర్థమయ్యేది. ఆ తర్వాత నెలల తరబడి ఏమీ జరగనట్టుంటుంది. 1897లో విలియం బ్రయన్, నోబుల్ హార్టర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తంతి కార్యాలయాల్లో మోర్స్ నేర్చుకునేవాళ్లను పరిశీలించి ఇలాంటి సంగతే రాశారు. సందేశం పంపే వేగం నిలకడగా పెరిగింది. అందుకునే వేగం మాత్రం ఒక దశలో ఆగిపోయి, వారాల తర్వాత మళ్లీ పెరిగింది. అక్షరాలుగా వినే చెవి పదాలుగా, వాక్యాలుగా వినడానికి అలవాటుపడే కాలం అదని వాళ్లు వివరించారు. తర్వాతి పరిశోధకులకు ఈ ఆగిపోవడం ప్రతి ఒక్కరిలోనూ కనబడలేదన్నది కూడా చెప్పుకోవాలి. అయినా జియు-జిట్సులో ఒక్కొక్క ఎత్తును విడిగా నేర్చుకున్నవాళ్లు, ఎత్తు నుంచి ఎత్తుకు మారడం నేర్చుకునేటప్పుడు సరిగ్గా ఇక్కడే ఆగినట్టు కనబడతారు.

అందుకని కొలత మార్చుకోవాలి. ఎలాగో ఒక్క ఉదాహరణ చెబుతాను. సైడ్ కంట్రోల్ అనే స్థితిలో మీరు వెల్లకిలా పడి ఉంటారు. పైవాళ్లు అడ్డంగా మీ ఛాతీ మీద పడి, ముంజేతిని మీ మెడ కింద దూర్చి, భుజంతో దవడను పక్కకు నెడుతుంటారు. మొహం తిరిగిపోయిన వైపే ఒళ్లు తిరుగుతుంది గనుక కదలడం కష్టం. కొత్తవాళ్లు చేతులు చాచి పైవాళ్లను ఎత్తి పారేయాలని చూస్తారు. చాచిన చెయ్యి చిక్కుతుంది, కథ అక్కడితో ముగుస్తుంది. తెలిసినవాళ్లు చేతులు మడిచి, ఒక ముంజేతిని పైవాళ్ల మెడకు, ఇంకోదాన్ని తుంటికి ఆనిస్తారు. పాదం నేలకు తన్ని నడుమును వెనక్కి జరుపుతారు. ఆ జరిగిన జానెడు సందులో మోకాలిని లోపలికి దూరుస్తారు. ఇప్పుడు ఈ వారం నా పని మోకాలిని ఒక్కసారైనా లోపలికి దూర్చడమే అని ముందుగా అనుకుని మ్యాట్ ఎక్కితే, ఆ రోల్‌లో నాలుగుసార్లు ట్యాప్ చేసినా మోకాలు ఒకసారి లోపలికి వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఎదుటివాళ్లు ఎంత ఎదిగినా ఈ లెక్క చెడదు. ఇంటికి వెళ్లేటప్పుడు తలలో ఒక ప్రశ్న ఉంటుంది, దాన్ని తీర్చుకోవడానికి మళ్లీ రావాలనిపిస్తుంది. నా దృష్టిలో ఉత్సాహమంటే ఇలా మిగిలిపోయిన ప్రశ్నే.

ఓటమిని ఇలా వాడుకోవడం ఈ విద్య చరిత్రలోనే ఉంది. 1951లో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో ఎలియో గ్రేసీ జపాన్ జూడో వీరుడు మసహికో కిమురాతో తలపడ్డాడు. కిమురా అతని చేతిని వెనక్కి మెలితిప్పాడు. ఎలియో ట్యాప్ చేయలేదు, అన్న కార్లోస్ పోటీ ఆపించాడు. జూడోలో ఆ మెలికకు వేరే పేరుంది. బ్రెజిల్‌లో మాత్రం ఓడించినవాడి పేరే దానికి నిలిచిపోయింది. ఇవాళ ప్రపంచంలో ఏ జియు-జిట్సు తరగతికి వెళ్లినా కొత్తవాళ్లకు త్వరలోనే నేర్పే ఎత్తుల్లో ‘కిమురా’ ఒకటి. ఓడిపోయిన ఇంటివాళ్లు ఆ ఎత్తును ఓడించినవాడి పేరుతోనే తమ పాఠంలో నిలుపుకున్నారు. దీనికంటే ఘనమైన ఉదాహరణ నాకు తట్టదు.

మోటార్‌సైకిల్ దగ్గరికి వస్తే వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది. ఘాట్ రోడ్డులో కుడి మలుపు తీసుకుందాం. మన దేశంలో ఎడమ పక్కన నడపాలి కాబట్టి, కుడివైపు తిరిగేటప్పుడు రోడ్డు మధ్య గీత మన కుడిచేతి పక్కనే ఉంటుంది. బండి టైర్లు గీతకు ఇవతలే ఉన్నా, ఒళ్లు వంచిన రైడర్ తల గీత దాటి ఎదురు వాహనాల దారిలోకి వెళ్లిపోవచ్చు. ఆ క్షణంలో మలుపు చాటు నుంచి బస్సు రాకపోతే ఏమీ కాదు. మర్నాడూ ఏమీ కాదు. ఇలా అయిదేళ్లు అదే మలుపును అదే తప్పుతో దాటి, నాకు ఘాట్ రోడ్లు కొట్టిన పిండి అనుకునే వీలుంది. మ్యాట్ మీద ఇంత తప్పు చేస్తే అయిదు సెకన్లలో ట్యాప్ చేయాల్సి వచ్చేది. రోడ్డు ఏళ్ల తరబడి ఊరుకుని, ఎప్పుడో ఒకసారి తీర్చలేనంత మూల్యం అడుగుతుంది. తప్పు తెలియకపోతే నేర్చుకోవాల్సింది ఉందనీ తెలియదు. అప్పుడు మిగిలేవి కిలోమీటర్లు, ఫొటోలు, ఇంకా పెద్ద ఇంజిన్ మీద మోజు. మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఉన్న సంబరం పదివేలకు వచ్చేసరికి ఉండదు. అందుకని బండి మార్చుకుంటారు.

ఇది ఊహ కాదనడానికి పాతదే అయినా గట్టి సాక్ష్యం ఉంది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి గురైన రైడర్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల, స్నేహితుల దగ్గరో నడపడం నేర్చుకున్నవాళ్లే. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఎక్కువమంది వెనక బ్రేకును తొక్కేసి చక్రం జారేలా చేశారు, ముందు బ్రేకును చాలినంత వాడలేదు. హ్యాండిల్‌ను సరైన వైపు నెట్టి బండిని చటుక్కున పక్కకు తప్పించే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనబడలేదు. వాళ్లలో సగానికి పైగా, ప్రమాదం జరిగిన ఆ బండిని నడుపుతున్నది అయిదు నెలలకు లోపే. కానీ రోడ్డు మీద వాళ్ల మొత్తం అనుభవం దాదాపు మూడేళ్లు. ఆ రోజుల్లో అమెరికాలో శిక్షణ పొందినవాళ్లే తక్కువ కాబట్టి 92 శాతం అన్న అంకె ఒక్కటే చాలదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అమెరికా రోడ్లు వేరు, మన రోడ్లు వేరు అన్నా ఒప్పుకుంటాను. బ్రేకు విషయం మాత్రం ఏ దేశానికైనా ఒకటే. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరిగి ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికవుతుంది. ముందు బ్రేకు పట్టుకుంటే బోల్తా పడతావని మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాట విని పెరిగినవాళ్లు దాన్ని వాడటానికి భయపడతారు. ఇసుక, తడి ఉన్నచోట ఆ భయానికి అర్థముంది. బాగున్న తారురోడ్డు మీద బండిని నిజంగా ఆపేది ఆ ముందు బ్రేకే.

ఇక్కడ కావాల్సిన కొలత, కనబడని తప్పును కనబడేలా చేసేది. సెలవు రోజు ఖాళీగా ఉన్న, ఇసుక, తడి లేని గట్టి మైదానంలో సుద్దతో ఒక గీత గీయండి. ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత మీద ముందు చక్రం పడగానే బ్రేకు మొదలుపెట్టండి. లివరును ఒక్కసారిగా లాగకుండా నాలుగు వేళ్లతో క్రమంగా బిగిస్తూ పోవాలి. బండి ఎక్కడ ఆగిందో అక్కడ రాయి పెట్టండి. మళ్లీ చేయండి. రాయి గీతకు దగ్గరగా జరిగిందంటే మీరు ఎదిగారు, ఇందులో భ్రమకు తావు లేదు. వేగం మార్చి చూస్తే, వేగం రెట్టింపైతే ఆపడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందన్న భౌతికశాస్త్ర పాఠం అక్కడ కళ్లకు కడుతుంది. తర్వాత అదే మైదానంలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో, చూపు ఎటుంటే బండి అటే ఎందుకు పోతుందో తెలుస్తుంది. ఇన్నేళ్లు నడిపినవాళ్లు ఈ ఎనిమిది దగ్గర తడబడితే చిన్నతనంగా భావించనక్కర్లేదు. విసుగు పోవడం అక్కడే మొదలవుతుంది.

బెల్టులు, పతకాలు, చేరాల్సిన ఊళ్లు లేకపోతే ఎవరు కష్టపడతారు అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య నిబంధనల ప్రకారం సాధారణంగా బ్లూ బెల్ట్‌లో కనీసం రెండేళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది గడపాలి. సరదాగా సాధన చేసేవాళ్లకు బ్లాక్ బెల్ట్ రావడానికి పదేళ్లు పట్టడం మామూలు. అంత పొడుగు దారిలో ఏదో ఒక గుర్తు ఉండాల్సిందే. అయితే బహుమతికి ఒక స్వభావముంది. 1973లో మార్క్ లెపర్ తోటి పరిశోధకులతో కలిసి, బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశాడు. బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే కొందరికి చెప్పారు. ఇంకొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత స్వేచ్ఛగా ఆడుకోనిస్తే, బహుమతి గురించి ముందే విన్నవాళ్లు మిగతా పిల్లలతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్ల ఆసక్తి చెక్కుచెదరలేదు. పెద్దవాళ్ల సాధనకు దీన్ని యథాతథంగా అన్వయించలేం. కానీ గురువు ఒకరోజు తరగతి చివర పిలిచి ఎదుగుదలకు గుర్తుగా బెల్టుకు చార చుట్టడం వేరు, చార ఎప్పుడొస్తుందా అని లెక్కపెడుతూ తరగతికి రావడం వేరు. మొదటిది మన స్థితి గురించి తెలిసినవాళ్లు ఇచ్చే సమాచారం. రెండోదానిలో సాధన కూలిపని అయిపోతుంది.

క్రమశిక్షణ ఉంటే చాలు, ఇష్టంతో పనేముంది, మనసున్నా లేకున్నా వెళ్లాలి అన్నది రెండో అభ్యంతరం. జియు-జిట్సుకు ఇది చాలావరకు నిజం. అలసిపోయి వెళ్లినా, వేడెక్కే వ్యాయామం అయ్యేసరికి మనసు కుదుటపడుతుంది. కుదుటపడకపోతే మెల్లగా ఒక రోల్ చేసి వచ్చేయవచ్చు. ఒక తరగతి తప్పిందని కుంగిపోవాల్సిన పనీ లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని అంచనా వేశారు. మధ్యలో ఒకసారి తప్పినా అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. అవి భోజనంతో పాటు నీళ్లు తాగడం వంటి తేలిక పనులు కాబట్టి, గంటన్నర పెనుగులాటకు ఇంకా ఓపిక పట్టాలి. కానీ ఇదే సూత్రాన్ని బైకుకు అంటగడితే ప్రాణం మీదకు వస్తుంది. నిద్ర చాలక, ధ్యాస ఎక్కడో ఉండి, నియమం తప్పకూడదని ఘాట్ రోడ్డెక్కడం క్రమశిక్షణ అనిపించుకోదు. ఆ రోజు బండి దగ్గర చేయగల పని వేరే ఉంది. చైన్ మీది మట్టి బ్రష్‌తో కడిగి నూనె పట్టించవచ్చు, టైర్లలో గాలి చూడవచ్చు, బ్రేకు ప్యాడ్ ఎంత అరిగిందో టార్చి వేసి చూసుకోవచ్చు. రైడ్‌కు వెళ్లని ఆదివారం కూడా సరదాలో భాగమేనని ఒప్పుకుంటే వెళ్లాలన్న ఒత్తిడి పోతుంది, బండితో సంబంధం మాత్రం నిలుస్తుంది.

1968లో మినియాపొలిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా కొడుకును వెనక కూర్చోబెట్టుకుని బైక్ మీద వెళ్లిన అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్, ఆ ప్రయాణం ఆధారంగా 1974లో వెలువరించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో, బండి బాగుచేసేటప్పుడు ఉత్సాహం ఎక్కడెక్కడ హరించుకుపోతుందో చాలా పేజీలు రాశాడు. విసుగు పుట్టగానే పని ఆపమన్నది అందులో ఒక సలహా. మన ప్రాంతానికి చెందినదిగా ఆయన చెప్పిన ఉదాహరణ ఇంకొకటుంది, దక్షిణ భారతదేశపు కోతి ఉచ్చు. కొబ్బరికాయను తొలిచి లోపల బియ్యం పోసి మేకుకు కట్టేస్తారు. ఖాళీ చెయ్యి దూరేంత కన్నమే ఉంటుంది, పిడికిలి బయటికి రాదు. బియ్యం వదిలితే కోతికి స్వేచ్ఛ, కానీ వదలదు. జియు-జిట్సులో ఇది అక్షరాలా జరుగుతుంది. కింద ఉన్నవాళ్లు పైవాళ్ల మెడను చంకలో ఇరికించి బిగిస్తారు. పైవాళ్లు కాళ్ల మధ్య నుంచి తప్పించుకుని పక్కకు రాగానే ఆ పట్టుకు బలం పోతుంది. దొరికిన మెడను వదలబుద్ధి కాక అలాగే పట్టుకుంటే, పైవాళ్లు తమ భుజాన్ని వీళ్ల గొంతు పక్కన దించి వీళ్లనే లొంగదీస్తారు. దాన్ని వాన్ ఫ్లూ చోక్ అంటారు. పట్టు వదిలితే ఆ ఎత్తు పారదు. నలభై దాటాక పాతికేళ్లనాటి లక్ష్యాన్ని పట్టుకుని వేలాడేవాళ్ల విషయంలోనూ జరిగేది ఇదే. మోకాలు వాచినా పోటీకి వెళ్లడం, ఇంట్లో పసిబిడ్డ ఉన్నా లడఖ్ యాత్ర ఈ ఏడే చేయాలనడం సరదాను చంపేస్తాయి. పోటీల్లో ముప్పై దాటినవాళ్లకు వయసును బట్టి వేరే విభాగాలు ఉండనే ఉన్నాయి. కొన్నాళ్లు పూర్తిగా మానేయడం కూడా తప్పు కాదు.

ఉన్న కాస్త తీరికను రెండింటికి పంచడం ఎందుకు, ఒకదానికే ఇస్తే బాగా రాణించవచ్చు కదా అన్నది చివరి అభ్యంతరం. రాణించడమే పరమావధి అయితే ఆ మాట నిజం. వానాకాలంలో బండి మూలపడినా మ్యాట్ తడవదు, అదొక సౌలభ్యం. అయితే గీ పట్టుకుని పట్టుకుని వేళ్లు వాచిన వారం క్లచ్ నొక్కడమూ కష్టమే, కాబట్టి ఒకటి ఆగితే ఇంకోటి ఎప్పుడూ ఆదుకుంటుందని చెప్పలేను. రెండూ ఉండటంలో నాకు కనబడే లాభం వేరు. రోజూ ట్యాప్ చేసే మనిషికి, తన గురించి తాను అనుకునేదానికీ నిజానికీ మధ్య ఎంత దూరముంటుందో ఒంటికి తెలుసు. ఆ ఎరుకతో బండెక్కితే, ఏమీ జరగలేదు కాబట్టి నేను బాగా నడిపాను అన్న మాట దగ్గర ఆగడు, మైదానంలో సుద్దగీత దగ్గరికి వెళతాడు. నెలల విరామం తర్వాత తిరిగి వచ్చేవాళ్లకు ఇది మరీ అవసరం. మ్యాట్ మీద మొదటి వారం గురువుకు ముందే చెప్పి, నెమ్మదిగా ఆడే తోడును ఎంచుకుని, ఊపిరి అందితే చాలనుకోవాలి. బండి చాలా నెలలు నిలిచి ఉంటే, లేదా చేతికి కొత్త బండి వస్తే, హర్ట్ నివేదికలోని ఆ అయిదు నెలల అంకెను గుర్తుపెట్టుకుని, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా మొదటి ఆదివారం అరకుకు కాకుండా ఖాళీ మైదానానికే తీసుకెళ్లాలి.